గుడ్డ కింద ఎర్రచుక్క

హోతే రేవు, ఏప్రిల్ 6, 2003

యస్నాకి పెద్దమ్మ రాస్తున్నది.

నీ కవరు చేరింది. నీళ్ల లారీవాడు దాన్ని అద్దం ముందు ఎండలో పడేసి తెచ్చాడు, ఎండుచేపలా వంగిపోయింది. ఇస్త్రీ పెట్టి చూశాను. చూశాక ఇస్త్రీ దండగ అనిపించింది.

దీనికోసమా మా చెల్లెలు రొసౌరా పరాయివాళ్ల బట్టలుతికి నిన్ను వల్పరాయిసో పంపి చదివించింది? ఒక పెట్టె గీత. అందులో గాలికి లేచిన బల్లమీది గుడ్డ. దాని చుట్టూ ఈగలు వాలినట్టు చుక్కలు. కంప్యూటరు గీసిందని గొప్పగా రాశావు. మా వంటింటి గోడమీద ఈగలు ఏ కంప్యూటరూ లేకుండా ఇంతకన్నా వరసగా వాలతాయి.

మునిగే కుర్రాళ్ల లెక్కలూ, ఒకప్పుడు మునిగిన పెద్దవాళ్ల లెక్కలూ మా జాలర్ల సంఘం పెద్ద సెగుందో దగ్గర తీసుకుని ఒక్కొక్కణ్ణి ఒక్కో చుక్క చేశానన్నావు. సరే. ఆ గుడ్డ సముద్రం పైభాగమని నాకు తెలిసింది, అంత మొద్దుని కాను. మరి గుడ్డ పైన ఎగురుతున్న ఆ ఎర్రచుక్కలేమిటి, పెలికాన్ పక్షులా? పక్షుల్ని కూడా లెక్కేస్తారా మీ ఆఫీసులో?

నవ్వుకుంటూనే చూశాను, నీ పెన్సిలు బాణం కనపడేదాకా. "అన్న ఇక్కడ" అని రాశావు. గుడ్డ గుంటపడిన చోట, దానికి కూడా కింద, నీలం చుక్కల నడుమ, ఒక్క ఎర్రచుక్క. నా ఎలిసేయో. ఎర్రవాళ్లందరికన్నా అడుగున.

వాడు పోయినప్పట్నుంచీ ఊళ్లో ఆడాళ్లు ఏమంటున్నారో నీకు తెలుసు. ఎలిసేయో పెద్ద ముళ్లగుల్లల మీద ఆశకొద్దీ ఎవరూ పోని లోతుకి దిగాడనీ, పడవలో గాలి గొట్టం పట్టినవాడికి కూడా అబద్ధం చెప్పాడనీ. సెగుందో పెళ్లామైతే నా ముందే రొట్టె కొనుక్కుంటూ అంది, "పాపం, సముద్రం ఆశపోతుల్ని ఊరుకోదు" అని. ఆవిడ మొగుడు మునకలు మాని ఒడ్డున కూర్చుని ఊరి పెద్దయ్యాడు కాబట్టి ఆవిడకి సముద్రం మనసు బాగా తెలుసు.

ఇప్పుడు నువ్వూ అదే మాట రంగుల్లో గీసి పంపావు. అంకెలు చీమల్లా ఉన్నాయి, నా కళ్లకి ఆనవు, అయినా కిందున్నది కిందనే ఉందని తెలుసుకోడానికి అంకెలెందుకు.

నా కొడుకు అక్కడికి దిగలేదు. ఆ చుక్క తీసెయ్యి.

రొసౌరా మోకాళ్లకి సముద్రపు నాచు వేడినీళ్లు పొయ్యమను.

కన్న కడుపు మండుతున్న
ఎర్మిందా


వల్పరాయిసో, ఏప్రిల్ 19, 2003

పెద్దమ్మా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. పక్కనున్నామె తన రుమాలు ఇచ్చింది, అది కూడా సరిపోలేదు.

నేను నీకు సరిగా చెప్పలేకపోయాను. ఆ గుడ్డ సముద్రం కాదు. ఒక గది మూల ఊహించుకో. కింద కుడిగోడ వెంట, మనిషి నీళ్ల అడుగున ఎంతసేపున్నాడో. ఎడమగోడ వెంట, ఆ రోజు ఎన్ని మునకలు వేశాడో. రెండు గోడలూ కలిసే నిటారు అంచు మీద, ఎన్ని బారల లోతుకి దిగాడో. ఈ మూడూ తెలిస్తే ప్రతి మనిషికీ గదిలో గాలిలో ఒక చోటు దొరుకుతుంది. అక్కడ చుక్క పెడతాం. పైకొచ్చాక ప్రెజర్ జబ్బు పట్టి కీళ్లు బిగిసినవాళ్లు, కాళ్లు పడిపోయినవాళ్లు ఎరుపు. ఏమీ కానివాళ్లు నీలం. ఎరుపు ఒక పక్క, నీలం ఒక పక్క పడేలా కంప్యూటరు నడుమన ఒక గుడ్డ పరుస్తుంది. ఆ గుడ్డే హద్దు. తెరమీద దాన్ని పట్టుకుని చుట్టూ తిప్పి చూడొచ్చు. కాయితం మీద తిరగదు, అదే చిక్కు.

అన్న చుక్క నీలం వాళ్ల నడుమ పడింది. మా పై అధికారి ప్రొఫెసర్ ఒల్గీన్ మొదటి రోజే అన్నాడు, "ఇది తప్పు లెక్క, ఎవరో లోతు తప్పు చెప్పారు, తీసెయ్" అని. నాకు మనసొప్పలేదు. అన్నని నా చేత్తో తీసెయ్యడమేమిటని నాన్చాను. ఇప్పుడు నువ్వు కూడా అక్కడికి దిగలేదని రాశావు. ఆయనా నువ్వూ ఒకే మాట మీద ఉండగా నేనెవర్ని.

తీసేశాను పెద్దమ్మా. ఒక్క నొక్కు నొక్కితే పోయింది. అంతసేపూ అన్న కోసం ఒక చోట గుంట పడి ఉన్న గుడ్డ, నలక తీసిన కన్నులా వెంటనే సాఫీ అయింది. ఆ చోట జానెడు పైకి కూడా లేచింది. జూన్ చివర జాలర్ల సాన్ పెద్రో పండగకి ముందే ప్రొఫెసరు మీ రేవుకి వచ్చి, ఎంత లోతులో ఎంతసేపు ఉండొచ్చో ఈ గుడ్డని బట్టి సంఘానికి నియమం రాసిస్తాడు.

అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరు కూడా.

నీ యస్నా


హోతే రేవు, మే 11, 2003

యస్నాకి పెద్దమ్మ రాస్తున్నది.

ఇవాళ తల్లుల దినమట. పొద్దున్నే సంఘం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఆడాళ్లకి తలా ఒక ప్లాస్టిక్ గులాబీ ఇచ్చారు. నా గుమ్మం ముందు ఆగి, ఇవ్వాలా వద్దా అని వాళ్లలో వాళ్లు గుసగుసలాడుకున్నారు. నేనే చెయ్యి చాపి లాక్కున్నాను. నాకింకా కూతురుంది, అల్లుడున్నాడు, నేనేం గొడ్రాలినా?

ఆ గులాబీని కొండదారి మలుపులో ఎలిసేయో ఆనిమీత దగ్గర పెట్టమని అల్లుడికి ఇచ్చి పంపాను. నేను పోలేదు. వాడి ప్రాణం పోయిన చోట వాడి ఆత్మకి ఆ చిట్టి ఇల్లు కట్టిన రోజు చూశాను, చాలు. అల్లుడు వాల్దో దానికి నీలం రంగేశాడట. అటు పోయే లారీవాళ్లందరూ దండంగా ఒక హారన్ కొట్టి పోతారు, అది మాత్రం ఇంట్లోకి వినిపిస్తుంది. బతికున్నప్పుడు పక్కకి తప్పుకొమ్మని కొట్టేవాళ్లు.

నీ గది మూల కథ చదివాను. బాగుంది, మీ ఆఫీసులో గదులూ మూలలూ తప్ప నీళ్లు లేవని అర్థమైంది. అయినా చెప్పిన మాట విన్నావు, చుక్క తీశావు, అది చాలు. గుడ్డ పైకి లేచిందంటే ఇంకా మంచిది. కుర్రాళ్లు అంత కిందకి దిగక్కర్లేదన్నమాటేగా. వాల్దో ఎలిసేయో స్థానంలో అదే పడవలో, అదే గొట్టంతో దిగుతున్నాడు. వాడికి ముందుచూపు ఉండేంత బుర్ర దేవుడివ్వలేదు, నీ గుడ్డయినా అడ్డం పడితే నా కూతురు మిర్తా పుణ్యం.

నీ ప్రొఫెసరుకి చెప్పు, తప్పు లెక్క అన్నవాడు ఒక్కసారి వచ్చి నా బల్ల దగ్గర ఎలిసేయో ఖాళీ చేసిన నాలుగో కుర్చీ చూడమను.

నీళ్ల లారీ ఇంజను చెడింది, ఇది ఎప్పుడు చేరుతుందో.

ఎర్మిందా


హోతే రేవు, జూన్ 8, 2003

యస్నా,

వచ్చాడు మీ మహానుభావుడు. తోలు బూట్లేసుకుని చేపల రేవులో దిగాడు. రెండడుగులు వేశాడో లేదో కాలు జారింది, సెగుందో పట్టుకోబట్టి సరిపోయింది. లేకపోతే మా వాళ్లకి ఆరోజే పండగ.

సంఘం హాల్లో అందరం చేరాం. ఆయన ఒక పెద్ద కాయితం చుట్ట తెచ్చాడు, తలుపంత పొడుగు. తగిలించమని సెగుందోకి ఇచ్చాడు. సెగుందో దాన్ని అటూ ఇటూ చూసి, నాలుగు మేకులు కొట్టి గోడకి వేలాడదీశాడు. ప్రొఫెసరు వెనక్కి తిరిగి చూసి ముఖం ముడుచుకున్నాడు.

"తలకిందులుగా పెట్టావయ్యా పెద్దాయనా."

"నేనా? చక్కగానే పెట్టానే. లోతు ఎక్కువైనవాళ్లు కింద, తక్కువైనవాళ్లు పైన."

"అక్షరాలు తిరగబడ్డాయి, కనపడటంలా?"

"మీ అక్షరాల కోసం సముద్రాన్ని బోర్లించమంటారా దొరా?"

హాలంతా గొల్లుమంది. వాల్దో అయితే కుర్చీలోంచి కింద పడ్డాడు. నేనూ నవ్వాను యస్నా, ఫిబ్రవరిలో వాడు పోయాక మొదటిసారి. నవ్వుతూనే ఆ అంకెలు చూశాను. ఈసారి అంగుళం ఎత్తున ఉన్నాయి. అంకెలు నాకు వచ్చు. చిన్న అంకెలన్నీ పై కొసన ఉన్నాయి, అంటే నువ్వు పంపిన కాయితంలో అవి అడుగున ఉండేవన్నమాట. 

నువ్వు లోతుని పైకి గీశావు. పుట్టిన దగ్గర్నుంచీ సముద్రం చూస్తున్న పిల్లవి, లోతు పైకి పోతుందా? అడుగున ఒంటరిగా ఉన్నాడని నేను ఏడ్చిన నా కొడుకు అసలు లోతుకే పోలేదు. నడుములోతులో పిల్లకాయలు ఆడుకునే చోటుకి కాస్త అవతల, అందరూ దిగే చోటే దిగాడు. అబద్ధం చెప్పలేదు, ఆశకి పోలేదు. అదే ఆ బొమ్మ చెప్పింది, నేను తిరగేసి చదువుకున్నాను.

మరి నేనేమో తీసెయ్యమన్నాను, నువ్వేమో దూది పింజలా ఊదేశావు. పెద్దమ్మ మూడో తరగతి చదివింది, ఏమనుకుని ఆ మాటందో అని ఒక్క ముక్క అడగొద్దూ?

ఇప్పుడు చూడు. నీ గుడ్డ జానెడు పైకి లేచిందంటే ఇంకా అంత లోతుకి పోవచ్చని అర్థం. ప్రొఫెసరు నియమం చదివాడు. బయటికొస్తూ వాల్దో నా భుజం మీద చెయ్యేసి ఏమన్నాడో విను.

"అత్తా, మంచి కబురు. ఎలిసేయో దిగినంత లోతుకి ఇంకో మునక ఎక్కువేసినా ఏం కాదట. సైన్సు చెప్పింది."

వాడికి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో, అయినా నాకు వాడి మీద కోపం రాలేదు. నీమీద వచ్చింది.

నా కొడుకుని తీసిన చోటే మళ్లీ పెట్టు. పండగ రోజు సంఘం చేతులెత్తి ఆ నియమం ఖాయం చేసేలోపు పెట్టు.

ఎర్మిందా


వల్పరాయిసో, జూన్ 14, 2003

పెద్దమ్మా,

నీ మే నెల ఉత్తరం, జూన్ ఉత్తరం ఒకే రోజు చేరాయి. నీళ్ల లారీవాడు ఎక్కడ దాచుకున్నాడో. మే ఉత్తరం ముందే వచ్చి ఉంటే "గుడ్డ లేచిందంటే కిందకి దిగక్కర్లేదు" అన్న చోటే నాకు తెలిసిపోయేది.

తిట్టు, పడతాను. కానీ తీసెయ్యమని రాసింది నువ్వే, ఆ ముక్క కూడా గుర్తుపెట్టుకో.

మొన్న ఆఫీసులో అందరూ పోయాక అన్నని మళ్లీ పెట్టాను. మూడు అంకెలు కొట్టాను, చుక్క వచ్చింది. గుడ్డలో వాడి చుట్టూ బావిలా గుంట పడింది. తిప్పి చూశాను, పై నుంచి, పక్కనుంచి, కింద నుంచి. ఎటు తిప్పినా చుట్టూ నీలమే, వాడొక్కడే ఎరుపు. ప్రొఫెసరుకి చూపించాను. "ఒక్క చుక్క కోసం గుడ్డంతా లాగుతావా? మీ బంధువని తెలుసు, బాధ అర్థమైంది, కానీ ఇది ఆనిమీత కాదు, గ్రాఫు" అన్నాడు.

ఆయన్ని తిట్టాలనే ఉంది. కానీ నేనూ ఒకటి అడగాలి. అదే లోతుకి, అంతేసేపు, అన్నే మునకలు వేసిన మిగతావాళ్లు ఇంటికొచ్చి టీ తాగుతుంటే వాడికే ఎందుకు పట్టింది? ఏదో ఒకటి తేడా ఉండాలి పెద్దమ్మా. ఆ రోజు గాలి గొట్టం నలిగిందా? తాగి దిగాడా? చెప్పినదానికన్నా లోతుకి పోయాడేమో, నిజంగా తెలుసా? నొప్పి లేకుండా అడిగే దారి నాకు తెలీదు. తేడా ఏమిటో దొరికితే తప్ప ఆయన ఒప్పుకోడు.

యస్నా


హోతే రేవు, జూన్ 19, 2003

యస్నా,

తాగాడా అని అడిగావు. వాడి ఆనిమీత ముందు కొవ్వొత్తి వెలిగించిన చేత్తోనే రాశావా ఆ మాట?

విను. కాయితం మీద పెట్టడానికి ఇన్నాళ్లు నాకు చెయ్యి రాలేదు, నువ్వే రాయించావు, ఉసురు నీకే.

శనివారం. పొద్దున మునిగాడు, మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చాడు. హుషారుగా ఉన్నాడు, వేసవి ఎండకి ముఖం చెక్కు తీసినట్టు ఎర్రగా. తలుపు తియ్యకుండానే "అమ్మా, ఏం వండావు, వీధి చివరికి వాసనొస్తోంది" అన్నాడు. బీన్సూ గుమ్మడికాయా. రెండోసారి పెట్టించుకున్నాడు. మీ అమ్మ పుట్టినరోజుకి ఏం కొనాలని అడిగాడు, మిర్తా జడ లాగాడు. ప్రెజర్ పట్టినవాడు గిన్నె నాకుతాడా? అక్కడ ఒక్క నొప్పీ లేదు, ఇది నా తల మీద ఒట్టు.

తర్వాత అందరిలాగే ముళ్లగుల్లల బుట్టలు లారీకెక్కించుకుని, వాటి మీద కూర్చుని, పైన గనుల ఊరి సంతకి పోయారు. ప్రతి శనివారం పోతారు. పొద్దున మునక, మధ్యాహ్నం కొండ, సాయంత్రం గనుల ఊళ్లో బీరు. ఈ రేవు మగాళ్లకి అదొక పూజ.

కొండ సగం ఎక్కేసరికి భుజం లాగుతోందన్నాడట. వాళ్లు నవ్వారట. పునా పట్టిందన్నారు. ఎత్తుకి పోతే పట్టే తలతిప్పు, ఆయాసం, నువ్వు ఎరుగుదువు కదా. సగం మందికి అక్కడే పడుతుంది, మోకాళ్లు నొప్పులనీ వేళ్లు తిమ్మిర్లనీ మూలుగుతారు, పక్కవాళ్లు ఆటపట్టిస్తారు. "సముద్రంలో సింహం, కొండమీద కోడిపిల్ల" అంటారు. సెగుందో కుర్రతనంలో రెండుసార్లు లారీ మీద వాంతి చేసుకుని ఇప్పటికీ ఆ పేరు మోస్తున్నాడు. అందుకే ఎవడూ బయటికి చెప్పుకోడు. వాల్దో వాడి నోట్లో వెల్లుల్లి రెబ్బ పెట్టాడట, నమలమని. చివరి మలుపు దగ్గర కాళ్లు తెలియడం లేదన్నాడు. ఆ మాటకి ఇంకా నవ్వారు.

ఆ మలుపు దాటలేదు వాడు.

ఇంతే. ఏ గొట్టమూ నలగలేదు. ఏ సీసా లేదు. మీ కంప్యూటరుకి తేడా కావాలా? నీ బొమ్మలో లోతు ఉంది, సేపు ఉంది, మునకలు ఉన్నాయి. మేం నీళ్లలో కాపురం ఉంటామనుకున్నారా మీరు, చేపలమా? కొండ ఏది? వాడి చిట్టి ఇల్లు ఒడ్డున కట్టామా, కొండ మీద కట్టామా? వచ్చి దండం పెట్టి పోయినదానివి, ఆ మాత్రం గుర్తులేదూ? సగం ప్రపంచాన్ని గీసి, అందులో నా కొడుకు ఇమడలేదని వాడిదే తప్పంటారు. మీ చదువులు తగలెయ్య.

ఇంక రాయకు నాకు.

ఎర్మిందా


వల్పరాయిసో, జూన్ 24, 2003

పెద్దమ్మా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. ఇది నీళ్ల లారీకి ఇవ్వడం లేదు, బస్సు కండక్టరు చేతికిచ్చి ఒట్టేయించుకున్నాను. శుక్రవారానికి చేరాలి.

ముందు ఇది చదివి వాల్దోకి చెప్పు. ఈ శనివారం మునిగితే లారీ ఎక్కొద్దు. ఎవర్నీ ఎక్కనివ్వొద్దు. పండగ ముందురోజు అందరూ ఎక్కుతారని నాకు తెలుసు.

అన్నకి రేవులోనే జబ్బు పట్టిందనీ, ఆస్పత్రికని కొండ మీదికి తీసుకెళ్తుంటే దారిలో పోయాడనీ నేను అనుకున్నాను. ప్రొఫెసరూ అంతే. ఆ ఆనిమీత ముందు నిలబడి, సముద్రంలో మునిగేవాడి ఇల్లు కొండ మీద ఎందుకుందని ఒక్కసారి నాకు తోచలేదు.

మునిగినప్పుడు లోపల పీల్చిన గాలి నెత్తురులో కరిగి ఉంటుంది, మూత బిగించిన సోడాలో గ్యాసులా. పైకొచ్చాక అది నెమ్మదిగా, గంటల తరబడి బయటికి పోవాలి. కొండ ఎక్కడమంటే ఏమిటి పెద్దమ్మా, నీళ్లలోంచి ఇంకా పైకి లేవడమే. ఎంత ఎత్తుకి పోతే గాలి అంత పలచన. రేవులో ఏ హానీ చెయ్యనిది అక్కడ బుడగ కట్టి నెత్తురుకి అడ్డం పడుతుంది. మీ వాళ్లు పునా అని నవ్వినవాటిలో కొన్ని పునా కావు.

ఆదివారం సంఘం రేడియోలో సెగుందోని పట్టుకున్నాను. మునిగిన రోజునే కొండెక్కి కీళ్లు నొప్పులు, తిమ్మిర్లు వచ్చినవాళ్లెవరని అడిగాను. "అది మగాళ్లని అడిగే ప్రశ్నా అమ్మాయ్?" అన్నాడు. "చచ్చిన మగాడి తరఫున అడుగుతున్నా" అన్నాను.  తర్వాత పేర్లు చెప్పడం మొదలెట్టాడు. ముందు తన పేరే చెప్పాడు.

నీలంగా పెట్టిన వాళ్లలో ఏడుగురిని ఎర్రగా మార్చాను. నిటారు గీత మీంచి లోతు తీసి, ఎడమగోడ మీది మునకల చోట పెట్టాను. నిటారు గీత మీద ఇప్పుడు, ఆ రోజు కొండ ఎంత ఎత్తు ఎక్కారో అది. ఈసారి పైకి అంటే పైకే. తెర మీద పట్టుకుని తిప్పాను. ఒక చోటికొచ్చేసరికి, గొర్రెల మంద దారి ఇచ్చినట్టు, నీలం అంతా ఒక పక్కకి, ఎరుపంతా ఒక పక్కకి విడిపోయింది. గుడ్డ వాటి నడుమ వాలుగా నిలబడింది. ఎక్కడా గుంట లేదు.

అన్న గుడ్డకి అవతల పక్క ఉన్నాడు. ఒంటరిగా లేడు పెద్దమ్మా. చుట్టూ ఏడుగురు ఉన్నారు. వాళ్లు బతికారు, వాడు బతకలేదు, అంతే తేడా.

ప్రొఫెసరు చూసి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇంకా చూడాలి" అన్నాడు. చూడనీ. కాయితం నీకు పంపుతున్నా.

యస్నా


హోతే రేవు, జూలై 3, 2003

యస్నాకి పెద్దమ్మ రాస్తున్నది.

కండక్టరు మాట నిలబెట్టుకున్నాడు. శుక్రవారం పొద్దెక్కాక చేరింది. చదివి నేరుగా హాలుకి పోయాను, ఏప్రన్ కూడా విప్పలేదు.

నీ కాయితం చూపిస్తే ఒక్కడికి అర్థమైతే ఒట్టు. అటు తిప్పారు, ఇటు తిప్పారు, సెగుందో మళ్లీ తలకిందులు పెట్టాడు. ఈసారి అది తప్పని చెప్తే అలిగాడు. మీ కాయితం తిరగదు, అది నువ్వే అన్నావు. గది మూల అని కూడా నువ్వే అన్నావు. నాకు వలలు కట్టే నైలాన్ దారం ఉంది, పాత వల బెండ్లు ఉన్నాయి, గది మూల ఉండనే ఉంది. నీ కాయితం పక్కన పెట్టుకుని మిర్తా అంకెలు చదువుతుంటే, దూలానికి దారాలు కట్టి బెండ్లు వేలాడదీశాను. రేవులోనే ఉండిపోయినవాళ్లు నేలకి దగ్గర. గనుల ఊరు దాకా పోయినవాళ్లు దూలం కింద. ఎర్రవాటికి మిర్తా గోళ్ల రంగు పూశాం. గుడ్డ బదులు ఎలిసేయో చిరిగిన వల వాలుగా కట్టాను. ఏ కంప్యూటరూ తిప్పక్కర్లేదు, కాళ్లున్నవాడు చుట్టూ తిరగొచ్చు.

మొదట నవ్వారు. "ఎర్మిందమ్మ క్రిస్మస్ చెట్టు కట్టింది" అన్నారు. అన్నవాడి బెండు చూపించాను, ఎర్రది. ఆ తర్వాత ఒక్కొక్కడూ వచ్చి తన బెండేదని అడగడం మొదలెట్టాడు. సెగుందో తన బెండుని వేలితో తాకి, అది ఊగుతుంటే ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు. వాళ్లావిడ అప్పుడే రొట్టె సంచితో లోపలికొచ్చింది. ఎలిసేయో బెండు చూసింది, దాని పక్కన మొగుడి బెండు చూసింది. సంచి అక్కడే పెట్టి వెళ్లిపోయింది. క్షమించమనలేదు, ఆవిడకి ఆ అలవాటు లేదు. రొట్టె మంచిదే, తిన్నాం.

శనివారం అందరూ మునిగారు, దాన్ని ఆపడం నావల్ల కాదు, తినాలి కదా. మధ్యాహ్నం లారీ వచ్చి హారన్ కొట్టింది. బుట్టలెక్కించారు. వాల్దో చక్రం మీద కాలు పెట్టాడు.

"అత్తా, నాకు ఎప్పుడూ పునా పట్టలేదు, నా బెండు నీలం. ఒక్క పూటకేం కాదు."

"వాడిదీ ఆ పొద్దున నీలమేరా."

నేను అంతే అన్నాను. ఇంకా చాలా తిట్లు దాచిపెట్టుకున్నాను, వాడవలసిన పని పడలేదు. కాలు తీశాడు. వాడు తీస్తే పక్కవాడు తీశాడు. లారీవాడు దిగి, "ఆడాళ్ల మాట విని బుట్టలు నాకొక్కడికే అంటగట్టి కూర్చుంటారా, మీసాలు తీసి సముద్రంలో పడెయ్యండి" అని అరిచాడు. సెగుందో అరుగు మీద కూర్చునే అన్నాడు, "తీస్తాంలే, నువ్వు బయల్దేరు, గుల్లలు కుళ్లిపోతాయి" అని.

లారీ ఒక్క డ్రైవరుతో కొండెక్కింది. మలుపు దగ్గర ఎప్పటిలాగే ఒక హారన్ కొట్టింది. అప్పుడు తలెత్తి అటు చూశాను. నీలం రంగు ఇల్లు కింద నుంచి అగ్గిపెట్టెంత కనపడుతుంది, నాకిన్నాళ్లూ తెలీదు.

ఆదివారం పండగలో సాన్ పెద్రోని పడవెక్కించి ఊరేగించాక చేతులెత్తారు. ప్రొఫెసరు కాయితం మీద కాదు, మునిగిన రోజు ఎవడూ కొండెక్కకూడదన్న దాని మీద. లోతు సంగతి పాతదే ఉంచారు. నీ ప్రొఫెసరుని ఇంకా చూడమను, తీరిగ్గా చూసుకోమను, మేం ఆగం. ఆ చుక్క తప్పు లెక్క కాదని, దాని పేరు ఎలిసేయో అని ఆయన పుస్తకంలో రాసుకోమను.

నీకు పెట్టిన తిట్లు వెనక్కి తీసుకోను. లోతుని పైకి గీసినదానికి అవి చెల్లు. సెలవు దొరికితే రా. కొండ దిగి వస్తావు కాబట్టి నీకేం భయం లేదు. దారిలో ఆ మలుపు దగ్గర బస్సాపించి, ప్లాస్టిక్ గులాబీ ఎండకి వెలిసిపోయిందేమో చూడు, వెలిస్తే కొత్తది పెట్టు.

ఆ కంప్యూటరు మాత్రం తీసుకురాకు. తీసుకొచ్చినా సరే, వాల్దో తిప్పి చూస్తాడట.

నాలుగో కుర్చీ తుడిచి పెట్టాను.

పెద్దమ్మ
ఎర్మిందా